ఆయిలింజను చెవి

కొత్తపేట చుట్టుపక్కల ఏ ఇంట్లో కంప్యూటరు వింత చప్పుడు చేసినా వీరవెంకటరమణకే కబురు వెళ్ళేది. పాతికేళ్ళు చేలగట్ల మీద ఆయిలింజన్లు బాగుచేసిన మనిషి. కరెంటు మోటార్లు వచ్చి ఇంజన్లు మూలపడ్డాక కంప్యూటర్ల పనిలోకి దిగాడు గానీ, పద్ధతి మాత్రం పాతదే. స్క్రూడ్రైవరు మొన డబ్బాకి ఆనించి, పిడి చెవికి నొక్కిపెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. అప్పుడు పక్కన ఎవరైనా దగ్గినా ఊరుకోడు. చదువుకున్న కుర్రాళ్ళు రోజంతా కూర్చుని తేల్చలేని రోగం తను అరనిమిషంలో చెబుతానని ఆయన గర్వం. చాలాసార్లు సరిగ్గానే చెప్పేవాడు, కాదనను.

ముక్తేశ్వరం నుంచి శాంతి కబురు పెట్టింది. కంప్యూటరు గుర్రుమంటోంది, మధ్యమధ్య టిక్కుటిక్కుమంటోంది. ఆమె కంగారుకి కారణముంది. భర్త నాగసతీష్ మస్కట్‌లో డ్రైవరుగా చేస్తూ రెండేళ్ళ క్రితం గుండెపోటుతో పోయాడు. అక్కడినుంచి తన గొంతుతో రికార్డు చేసి పంపిన కబుర్లన్నీ ఆ కంప్యూటరులోనే ఉన్నాయి. అవి వచ్చిన ఫోను కాలవలో పడిపోయింది. ఇంకెక్కడా ఆ గొంతు లేదు. అతను పోయాక ఆమె ఒక్కటీ వినలేదు, ధైర్యం చాలక.

రమణ వచ్చి విన్నాడు. ఫ్యాను బేరింగు అరిగిపోయిందని కొత్త ఫ్యాను వేశాడు. గుర్రు పోయింది. టిక్కుటిక్కు మాత్రం పోలేదని శాంతి మెల్లిగా అంది. ఆయనకి వినపడలేదు. ఇన్నేళ్ళ ఇంజన్ల హోరులో సన్నని చప్పుళ్ళు ఆయన చెవికి అందడం ఎప్పుడో మానేశాయి. ఆ సంగతి ఆయనకీ ఏడాదిగా తెలుసు. పైకి చెబితే ఇంక పిలిచేదెవరు?

"కొత్త ఫ్యాను కదమ్మా. నాల్రోజులు ఆపకుండా తిప్పు, అదే సర్దుకుంటది" అన్నాడు. రిపేరు చేసిన ఇంజను గురించి రైతులకి చెప్పే మాట అది.

పెద్దాయన చెప్పాడు కదా అని శాంతి నాల్రోజులూ ఆపలేదు. ఆ టిక్కు హార్డుడిస్కుది. ఆ పూటే ఆపి, ఉన్నవి మరో చోటికి ఎక్కించి ఉంటే అన్నీ దక్కేవి. అయిదో రోజు పొద్దున్న తెర నల్లబడింది. రమణ మూత విప్పి డిస్కు మీద వేలు ఆనించాడు. చెవికి అందని టిక్కు వేలికి అందింది. 

అమలాపురం తీసుకెళ్ళాడు, రాజమండ్రి తీసుకెళ్ళాడు. లోపలి రేకు గీసుకుపోయింది, ఏమీ రాదని రెండుచోట్లా ఒకే మాట. డిస్కు తువ్వాలులో చుట్టుకుని తిరిగి ముక్తేశ్వరం వచ్చాడు. తప్పు తనదేననీ, తన చెవి పోయిందనీ మొదటిసారి ఒక మనిషితో చెప్పుకున్నాడు. శాంతి తిట్టలేదు. 

ఒకటే అడిగింది. "ఫ్యాను వేసేక, స్పీకరు పలుకుతుందో లేదో అని ఆయనది ఒకటి పెట్టేరు కదండీ బాబాయిగారూ. వినలేక నేను బయటికెళ్ళిపోయేను. అందులో ఏం చెప్పేరండీ?"

రమణ గుర్తుచేసుకోబోయాడు. ఒక మగగొంతు నిమిషం పైనే మాట్లాడింది. ఒక్క మాటా గుర్తురాలేదు. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. దూరాన ఉన్న మొగుడు పెళ్ళానికి ఏం చెబుతాడో ఆయనకి తెలియనిదా? నోరు రాలేదు.

"అప్పుడు నేను ఫ్యాను వింటన్నానమ్మా" అన్నాడు.