సగపాలు లాంథనం

కార్మికులందరూ పిడుగమ్మ అని పిలిచే ఈమె వయస్సు నలభై ఏడు సంవత్సరాలు. ఈ మనవి రాస్తున్న ఆఫీసు లేఖకుడు ఆమెను పంతొమ్మిదేళ్లుగా ఎరుగును. ఆమెను ఉద్యోగం నుంచి తొలగించాలని ఉత్తర్వు సిద్ధమైంది. ఉద్యోగం పోతే కార్మికుల నివాసంలోని గది పోతుంది. గది పోతే ఆమె తిరిగి చేరవలసినది మొగుడి గుమ్మమే. ఆ గుమ్మం ఎటువంటిదో తెలియాలంటే జరిగినదంతా చెప్పక తప్పదు.

ఆమె పని బద్దలుకొట్టడం. కరెంటు పరికరాల కోసం మన కార్ఖానాలో కాల్చే పింగాణీ బిళ్లలు ప్రతి విడత నుంచీ గుప్పెడు ఆమె బల్ల మీదికి వస్తాయి. బిళ్లను నూనె తొట్టిలో దించి, గాజు తలుపు మూసి, అది పగిలేదాకా ఓల్టేజి పెంచుతుంది. పగిలితే తుపాకీ పేలినట్టే. కొత్తగా చేరిన ఆడపిల్లలు చెవులు మూసుకుంటే నవ్వేది.

"మా ఇంట్లో పళ్లేలు ఎగిరే చప్పుడు వినలేదమ్మా మీరు. దీని ముందు ఇది జోలపాట."

పొడి కలిపే చోట మొదటి షిఫ్టు ఆమె భర్తది, రెండవది ఆమె తమ్ముడిది. మూలమైన తెల్లపొడి తనంత తానుగా కరెంటును పోనివ్వదు. అరుదైన మృత్తికలనే లోహాల జాతికి చెందిన లాంథనం అందులో కొద్దిగా పడితే, అదే బిళ్ల కాల్చాక కరెంటుకు దారి విడుస్తుంది. పూర్తి కొలత పడితే మళ్లీ బిగుసుకుని అడ్డుకుంటుంది, విద్యుత్తును నిలవచేసే గుణమూ పెరుగుతుంది; కలిపేది అందుకే. వినడానికి విడ్డూరమే. తమ్ముడు దాన్ని తేలిక చేసి చెప్పేవాడు: "సగం తాగినోడే వీధిలో గొడవచేస్తాడు. నిండా తాగినోడు గోడకానుకుని పడుకుంటాడు. లాంథనమూ అంతే."

బాగా కలవాలని ఆ కొలతలో సగం మొదటి రుబ్బులోనూ, సగం రెండవ రుబ్బులోనూ వేయడం ఇక్కడి పద్ధతి. షిఫ్టు మారేటప్పుడు మొదటివాడు "నా సగం పడింది" అని రెండవవాడికి చెప్పాలి. కాని ఆ బావా బావమరుదులకు మాటల్లేవు. చొక్కా ఉతకలేదని భార్య మీద లేచిన బావ చేతిని తమ్ముడు పట్టుకుని, వేలు టక్కుమనేదాకా వెనక్కి విరిచాడు. ఆనాటి నుంచి కబుర్లన్నీ పిడుగమ్మ మీదుగానే నడిచేవి.

"మీ తమ్ముడికి చెప్పు, నా సగం పడింది."

"మీ ఆయనకి చెప్పు, నాకు చెవుడు లేదు."

ఒకనాటి ఉదయం భర్త కొట్టిన దెబ్బకు ఆమె పెదవి చిట్లింది. వాచిన మూతితో పనికి వచ్చిన ఆమె ఆ పూట కబురు మోయలేదు. మామూలుగా తన సగం కోసం తెరిచి ఉంచే లాంథనం సీసాకు మూత పెట్టి ఉండటం తమ్ముడు చూశాడు. "నువ్వు లేకపోయినా పని ఆగదురా" అని చూపడానికి బావ లోగడ ఒకసారి పూర్తి కొలతా తానే వేశాడు. ఇప్పుడూ అంతే అని తమ్ముడు అనుకున్నాడు. అడిగితే తల వంచినట్టవుతుందని అడగలేదు. రెండవ సగం వేయకుండానే రుబ్బు తిప్పాడు.

రెండు రోజుల తర్వాత కొలిమి నుంచి ఆ బిళ్లలు లేత నీలి ఛాయతో దిగాయి. పిడుగమ్మ ఒకదాన్ని వెలుగుకు పట్టి సూపర్‌వైజరుకు చూపింది.

"అయ్యా, ఇవి నీలి తిరిగాయి. నాకు నచ్చలేదు."

"చీర కొంటున్నావా, రంగు నచ్చడానికి? బయట లారీ నిలబడుంది. కానియ్."

ఆమె ఓల్టేజి పెంచింది. బిళ్ల కరెంటును ఆపలేదు. తాగినంతా తాగి కాగిపోయింది. నూనె కుతకుతమంది. బిళ్ల పేలిన ఊపుకు గాజు తలుపు ముక్కలై ఎగిరి, ఒక పెంకు ఆమె ఎడమ కంట్లో దిగింది.

అది షిఫ్టు మారే వేళ. చప్పుడు విని భర్త కొలిమి కడ్డీతో, రుబ్బు యంత్రం దగ్గరున్న తమ్ముడి మీదికి ఉరికాడు.

"ఒరేయ్, నీ సగం ఎగ్గొట్టి నా పెళ్లాం కన్ను తీశావు కదరా!"

"మొన్న పెదవి పగలగొట్టిందెవరు బావా, నేనా?"

కడ్డీ తమ్ముడి మణికట్టు మీద పడి ఎముక విరిగింది. రెండవ చేత్తో అతడు రుబ్బు గుండు అందుకుని బావ నోటి మీద కొట్టాడు. పళ్లు రాలి పొడి గుట్టలో పడ్డాయి. తెల్లపొడి ఎర్రముద్ద అయింది. తలకోసం కడ్డీ మళ్లీ లేచింది.

ఒక చేత్తో కంటికి గుడ్డ అదుముకుని పిడుగమ్మ అక్కడికి చేరింది. రెండవ చేతిలో తన బల్ల దగ్గరి కర్ర ఉంది. భర్త భుజం మీద ఎముక విరిగేలా కొట్టింది. తమ్ముడి మోకాలి మీద కొట్టింది. ఇద్దరూ కూలబడ్డాక కర్ర పారేసి, తానూ పక్కనే కూర్చుంది.

విచారణలో అధికారి అడిగారు: "విడదీయడానికి వెళ్లినదానివి ఎముకలు విరగ్గొట్టాలా?"

"సగం కొడితే ఇంకా రెచ్చిపోతారండి. నిండా కొట్టాను గనకే ఒక పీనుగ లేవకుండా ఆగింది."

ఈ సమాధానాన్ని అహంకారంగా నమోదు చేసి ముగ్గురినీ సమాన దోషులుగా తేల్చారు. ఆస్పత్రి నుంచి ఆమె భర్త ఇంటికి వెళ్లలేదు. నివాసంలో గది తీసుకుంది. తమ్ముడు తన దగ్గరికి రమ్మన్నాడు.

"వద్దురా. అక్కడైతే మీ బావ వస్తాడు, నువ్వు గుండు తీస్తావు. మీ ఇద్దరి మధ్య నిలబడే ఓపిక నాకింక లేదు."

భర్త ఆ తర్వాత రెండుమార్లు గది తలుపు తన్నాడు. కాపలాదారు సాక్షి.

కావున పరిపాలకవర్గం వారికి సవినయంగా చేసుకునే మనవి: పిడుగమ్మను తొలగించే ఉత్తర్వు రద్దుచేయవలసిందిగానూ, మీటరు ముల్లు కుడి కంటికి చక్కగా కనిపిస్తున్నదని వైద్యులు చెప్పినందున ఆమెను పాత స్థానంలోనే ఇనుప కవచం బిగించిన బల్ల వద్ద నియమించవలసిందిగానూ, లాంథనం కొలత మొత్తం ఇకమీదట ఒక్కరి చేతికే అప్పగించవలసిందిగానూ, గదిని ఆమె ఒక్కతె పేరనే ఉంచి, దాని రెండవ తాళంచెవిని భర్తననే హక్కు చూపి అడిగినవారికి సైతం ఇవ్వకుండా కాపలాదారుకు రాతపూర్వకంగా ఆజ్ఞాపించవలసిందిగానూ ప్రార్థన.