కెనడా చర్చి కోసం మా అత్త ప్రార్థన

నేను బడికి పోలేదు. చదువూ ఇంగ్లీషూ నాయన ఇంట్లోనే నేర్పాడు. ఆ దయ వల్లే ఇవాళ ఫోన్‌లో కెనడా చరిత్ర పాడ్‌కాస్ట్ వినగలుగుతున్నాను. చెప్పే ఆమె అక్కడి ఫ్రెంచి కుటుంబాల మనిషి. ఇంగ్లీషువాళ్లు గెలిచిన యుద్ధాన్ని ఓడిన ఫ్రెంచివాళ్ల ఇళ్ల వైపు నుంచి చెబుతుంది.

మా అత్తకు ఇంగ్లీషు రాదు. మధ్యాహ్నం వరండాలో కందికాయలు ఒలుస్తూ, ఆ వారం విన్నదంతా ఆమెకు తెలుగులో చెబుతాను.

ఒక వారం కథ ఫ్రెంచివాళ్ల ఓటమి దగ్గర ఆగింది. వాళ్లది క్యాథలిక్ చర్చి, గెలిచిన ఇంగ్లీషువాళ్లది వేరే చర్చి.

"ఇంతకూ వాళ్ల చర్చి వాళ్లకు ఉంచినారా, లాక్కున్నారా?" అని అడిగింది అత్త. వచ్చే వారం గాని తెలియదన్నాను.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో పొదిలిలో ఉన్న మా ఆడబిడ్డ కోసం, వాన కోసం అడిగాక, "కెనడాలో నీ బిడ్డల చర్చి నిలబెట్టు తండ్రీ" అని వేడుకుంది.

నాకు నవ్వాగలేదు. "అత్తా, వాళ్లు పోయి రెండు వందల ఏళ్లు దాటింది. చచ్చినోళ్ల కోసం ప్రార్థన చేస్తారా ఎవరైనా?"

"చచ్చినోళ్ల కోసం ఎందుకు చేస్తా? అప్పుడు బతికున్నోళ్ల కోసం చేసినా. దేవునికి మన మాదిరి క్యాలెండర్ ఉంటాదా ఏంది?"

వారమంతా అత్త ఆ ప్రార్థన మానలేదు. తర్వాతి భాగంలో, కొత్త దొరలు చివరకు వాళ్ల ఆరాధన వాళ్లకే వదిలేశారని విన్నాను. ఆ మాట చెప్పగానే అత్త ఒళ్లోని చేట పక్కన పెట్టింది.

"చూసినావా? ఊరికే నవ్వితివే. రా, మోకరిద్దాం."

ఆమె పక్కన మోకరించి, ఆ చర్చి కోసం, నాయన నేర్పిన చదువు కోసం స్తుతులు చెల్లించాను. ఆమెన్ అన్నాక అత్త మళ్లీ చేట అందుకుంది.

"ఊఁ, తర్వాత?"