షావుకారుగారి గుమ్మం ముందు నా అంబులెన్స్

నాకు పగ పట్టే స్వభావం లేదు. ఎనభైల్లో ఒక్కసారి పట్టాను, అంతే. అది ఇప్పటికీ పాడవకుండా ఉంది.

అప్పట్లో నేను నూజివీడులో ఒక ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతూ, ప్రైవేటుగా ఎం.ఏ.కి చదువుకుంటూ, ఒక మామిడి షావుకారుగారి ఇంట్లో వీధి గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. తోటలు పూత మీదే మాట్లాడుకుని, కాయ దించి, మాగబెట్టి అమ్మడం ఆయన వ్యాపారం. మర్యాదస్తుడు. నన్ను ఎప్పుడూ ‘మాస్టారూ’ అనే పిలిచేవారు. బయటికి నెట్టినప్పుడు కూడా అలాగే పిలిచారు.

మే నెలలో మా అక్కగారి ఊరు వెళ్లి వచ్చేసరికి నా గదికి కొత్త తాళం వేసి ఉంది. కిటికీ సందులోంచి చూస్తే, నేను పడుకునే చోట, వరిగడ్డి మీద చిన్న రసాలు పడుకుని ఉన్నాయి. గాలి తగలకుండా తలుపు సందుల్లో గోనెసంచులు కుక్కారు. ఆ గదిలో ఉన్నన్నాళ్లూ నా మీద ఎవరూ అంత శ్రద్ధ చూపించలేదు. నా మంచం, ట్రంకుపెట్టె గొడ్ల చావిడిలో ఉన్నాయి.

“సీజను కదా మాస్టారూ,” అన్నారు షావుకారుగారు. “కాయలకి చోటు చాల్లేదు. మీరైతే ఎక్కడన్నా సర్దుకుంటారు. కాయ సర్దుకోదు కదండీ.”

నేను సర్దుకునేవాణ్ణే. కానీ ట్రంకుపెట్టె ఎత్తితే తేలిగ్గా లేచింది. మూడేళ్లుగా రాసుకున్న పరీక్ష నోట్సు అందులో లేదు.

“అదా! చిత్తుకాగితాలనుకున్నారండీ మావాళ్లు. కార్బైడ్ పొట్లాలు కట్టేశారు.”

కాయ తొందరగా పండటానికి కార్బైడ్ రాళ్లు కాగితంలో చుట్టి గడ్డి మధ్య పెడతారు. ఆ ఏడు ఆ కాగితాలన్నీ నా చేతిరాతే. కొన్ని అప్పటికే బుట్టల్లో విజయవాడ చేరిపోయాయి. ఇంగ్లీషు విషాద నాటకాల మీద నా అభిప్రాయాలకు అంత గిరాకీ ఉంటుందని నేను అనుకోలేదు. పరీక్షలు నెల కూడా లేవు. ఆ ఏడు రాయలేదు. ఆ తర్వాతా రాయలేదు.

“పోనీలెండి, ఓ బుట్ట రసాలు పట్టుకెళ్లండి,” అన్నారాయన.

పట్టుకెళ్లలేదు.

పెళ్లికాని మాస్టారికి గది దొరకడం ఎప్పుడూ కష్టమే. వేసవిలో అయితే ఆ ఊళ్లో ప్రతి ఖాళీ గదిలోనూ కాయలే కాపురం ఉంటాయి. హనుమాన్ జంక్షన్‌లో ఒక మెకానిక్ షెడ్డు వెనక, ఏదో ఆసుపత్రి వదిలించుకున్న పాత అంబులెన్స్ వ్యాను పడి ఉందని తెలిసి వెళ్లాను.

“దీన్నేం చేసుకుంటారండీ?” అన్నాడు మెకానిక్.

“ఇందులో ఉంటాను.”

“ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకున్నారా?”

“ఇంట్లో ఆడవాళ్లు లేరు.”

“అదీ సంగతి,” అన్నాడు, సగం జబ్బు కనిపెట్టేసినట్టు. “ఇంజను బాగుచేసి ఇస్తాను. ఆ ఎర్ర ప్లస్సు గుర్తు కూడా చెరిపేస్తానండీ. లేకపోతే చూసినోళ్లు హడలిపోతారు.”

“చెరపొద్దు,” అన్నాను. “ఇంకాస్త ఎర్రగా వెయ్యండి.”

స్ట్రెచర్ పట్టాల మీద చెక్క పరిస్తే మంచమైంది. సెలైన్ సీసా తగిలించే కొక్కేనికి చొక్కా తగిలించుకునేవాణ్ణి. వెనక తలుపులు తీస్తే వరండా, ఆ మెట్టు మీదే కిరసనాయిలు స్టవ్వు. స్నానం కాలేజీ బోరింగు దగ్గర. ఎన్నిసార్లు కడిగినా ఫినాయిలు వాసన పోలేదు, కొన్నాళ్లకి నాకే అలవాటైపోయింది. మధ్యాహ్నం పైన రేకు కాలితే లోపల నేను మాగిపోయేవాణ్ణి. గడ్డి ఒక్కటే తక్కువ. అయితే అద్దె గదికి లేని సౌకర్యం ఒకటి దీనికి ఉంది. నా గుమ్మం ఎక్కడ ఉండాలో నేనే నిర్ణయించుకోవచ్చు. షావుకారుగారి గుమ్మానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డు అవతల పెట్టుకున్నాను.

ఆయనకి శకునాల పట్టింపు ఎక్కువ. ఏ బేరానికి బయల్దేరినా ముందు షావుకారమ్మగారు దొడ్డిదారిన వెళ్లి, వీధి చుట్టి, నీళ్ల బిందెతో ఎదురు రావాలి. అప్పుడే ఆయన గడప దాటేవారు. ఇప్పుడు గడపలో నిలబడితే ఆవిడ, బిందె, ఆ వెనక అంబులెన్స్ కనిపించేవి. ఆయన లోపలికి వెళ్లి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్లీ వచ్చేవారు. మళ్లీ ఆవిడ, బిందె, నేను. నేను పళ్లు తోముకుంటూ నమస్కారం పెట్టేవాణ్ణి.

“పూటకోసారి ఈ ఊరేగింపు నా వల్ల కాదండీ,” అని షావుకారమ్మగారు నడివీధిలోనే అనేవారు. “నడుం పడిపోతోంది. ఆ మాస్టారి కాగితాలేవో ఆయనకి ఇచ్చెయ్యకూడదూ?”

“ఎక్కణ్ణుంచి తెమ్మంటావే? పళ్లతోపాటు పోయాయి!”

కొన్నాళ్లు ఆయనే దొడ్డిగుమ్మంలోంచి వెళ్లి చూశారు. వ్యానుకి చక్రాలుంటాయన్న సంగతి ఆయనకి తట్టలేదు. తర్వాత ఒక కానిస్టేబుల్ని పంపారు. అతను బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, “రోడ్డు పక్కన బండి ఆపితే కేసేంటండీ?” అని నా టీ తాగి వెళ్లిపోయాడు.

ఇంతలో పూత వచ్చింది, నిలిచింది, పిందె కట్టడం మొదలైంది. షావుకారుగారికి అన్ని తోటలూ ఒక ఎత్తు, చాట్రాయి తోట ఒక ఎత్తు. ఆయన ఏడాదంతా నిలబడేది ఆ తోట రసాల మీదే. ఆ బేరానికి మర్నాడు పొద్దున ముహూర్తం పెట్టుకున్నారని ఆయన గుమాస్తా టీకొట్లో చెప్పాడు. ఆ సాయంత్రం నేను బ్యాటరీ వైరు పీకి జేబులో వేసుకున్నాను.

తెల్లవారాక షావుకారుగారు తనంతట తనే రోడ్డు దాటి వచ్చారు. అది మొదటిసారి.

“మాస్టారూ, ఇవాళొక్కరోజు బండి పక్కకి తియ్యండి. చాట్రాయి బేరం. మీకు తెలియందేముంది.”

“అయ్యో, తియ్యకేమండీ,” అని తాళం తిప్పాను. బండి ఉలకలేదు, పలకలేదు. “బ్యాటరీ దిగిపోయినట్టుందండీ. తోస్తే స్టార్టవుతుందేమో.”

పనివాళ్లంతా తోటల్లో పురుగుమందు కొడుతున్నారు. మిగిలింది జీపు డ్రైవరు, గుమాస్తా. ముహూర్తం దాటిపోతోందని షావుకారుగారే పంచె ఎగ్గట్టి చెయ్యి వేశారు. నేను స్టీరింగు పట్టుకున్నాను. ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా.

“ఇంకాస్త గట్టిగా అండీ,” అన్నాను తల బయటపెట్టి.

వీధి చివర ఆపవచ్చు. అక్కణ్ణుంచి కూడా ఆయన గుమ్మం కనిపిస్తుందని నేనే గుర్తుచేశాను. బజార్లోకి మళ్లాం.

బజారుకి కనిపించింది ఇదీ: ముందు అంబులెన్స్, దాని వెనక షావుకారుగారు, జుట్టు రేగిపోయి, కండువాతో ముఖం తుడుచుకుంటూ. అది చెమటే. అది చెమటని చెప్పడానికి ఆయనకి ఊపిరి అందలేదు. బట్టలకొట్టాయన మెట్లు దిగి వచ్చి ఒక చెయ్యి వేశాడు. సోడాబండి మనిషి చెప్పులు విడిచి మరీ తోశాడు.

“ఎవరండీ లోపల?”

“షావుకారమ్మగారట.”

“పొద్దున బిందెతో కనపడ్డారే!”

“అదేనండీ. అలా ఎదురొచ్చి, అలాగే కూలిపోయారట.”

“పాపం, మోసీ మోసీ...”

నేను ఖండించలేదు. బండి నడిపేటప్పుడు డ్రైవరు మాట్లాడకూడదు.

బస్టాండులో చాట్రాయి బస్సు కదలబోతోంది. కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి, చూశాయి, లోపలికెళ్లాయి. బస్సు వెళ్లిపోయింది.

షావుకారుగారు ఇంటికెళ్లి స్నానం చేసి, ఆవిణ్ణి మళ్లీ బిందెతో రప్పించి, ఖాళీగా ఉన్న రోడ్డును కళ్లారా చూసుకుని జీపెక్కారు. నేను వైరు తగిలించుకుని మధ్యాహ్నానికి నా చోటికి వచ్చేశాను. కాసేపటికి చాట్రాయి నుంచి తోట రైతు వచ్చి, చెప్పులు దూరంగా వదిలి, తలవంచుకుని షావుకారుగారి మెట్లెక్కాడు. పరామర్శకి. తలుపు తీసింది షావుకారమ్మగారు.

అతని కేక నా వ్యాన్లోకి వినపడింది.

“అమ్మగారూ... మీరా?”

“నేనే నాయనా. నేను కాక ఇంకెవరుంటారు?”

అతను అరుగు మీద కూలబడ్డాడు. ఆవిడ మంచినీళ్లు ఇచ్చారు, అదే బిందెలోంచి. రెండు గుటకలు వేశాక సంగతి బయటపడింది. మైల ఉన్న ఇంటివాళ్లు పదిరోజులు బేరాలకి రారు. మైల చేతి అడ్వాన్సు తోటకీ మంచిది కాదు. ఈలోగా పిందె ఆగదు. అందుకని బస్సులో కబురు రాగానే చింతలపూడి వ్యాపారికి తోట ఇచ్చేసి, ఇలా వచ్చాడు.

పొద్దుపోయే వేళకి షావుకారుగారు తిరిగొచ్చి నా మెట్టు దగ్గర నిలబడ్డారు. కోపం కూడా లేదు మనిషిలో.

“మీకేం కావాలండీ? గది ఇచ్చేస్తాను. ఎండాకాలం కూడా ఖాళీ చెయ్యమనను.”

“గదెందుకండీ? నాకు ఇల్లుందిగా.”

“మరి బండెప్పుడు తీస్తారు?”

“మీ కాయలు పండాక.”

మాట తప్పలేదు. మే నెలలో తీసేశాను. బయల్దేరే రోజున ఆయన రసాల బుట్ట పంపించారు, ఈసారి పుచ్చుకున్నాను. అడుగున, గడ్డిలో, ఒక పొట్లం దొరికింది. నా నోట్సు ఇంకా అయిపోలేదన్నమాట. విప్పి చదివాను. నాయకుడి పతనానికి కారణాలు, రెండో పేజీ. మూడోది ఏ ఊరు వెళ్లిందో. పళ్లు చాలా బాగున్నాయి. కాగితం మడిచి ముందు అద్దం పక్కన దోపుకున్నాను.

ఆ వ్యాన్లోనే తర్వాత చాలా ఊళ్లు తిరిగాను. ట్యుటోరియల్ కాలేజీలు లేని ఊరేది? కానీ ఎక్కడున్నా పూత వాసన తగిలితే నూజివీడు మీద బెంగ పుట్టేది. చుట్టపుచూపుగా వచ్చి పాత చోటే ఆపుకునేవాణ్ణి. షావుకారమ్మగారు కాఫీ పంపేవారు. బిందె మోయడం మానేశానని, నడుం కుదుటపడిందని చెప్పారు. చాట్రాయి తోట మళ్లీ వాళ్ల చేతికి రాలేదు. ఎం.ఏ. నా చేతికీ రాలేదు.

తెల్లవారగానే ఆయన తలుపు ఓరగా తీసి రోడ్డు వైపు చూసేవారు. నేను పళ్లు తోముకుంటూ నమస్కారం పెట్టేవాణ్ణి. తలుపు మూసుకునేది.