డాక్టర్ ఎల్‌స్టన్ అడగని ప్రశ్న

మొన్న ఉదయం దోహాలో, అల్ తుమామాలోని మా వంటింట్లో పప్పు గిన్నె దించుతుంటే గరిటె అంచుకు తగిలి గిన్నె సన్నగా మోగింది. ఆ మోత వెంటనే ఆగలేదు. పోపు మాడిన వాసన వచ్చేదాకా గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా చెవిలో అది వంటింటి మోత కాదు. ఉమ్ ఘువైలినాలో ఒక ప్రైవేటు క్లినిక్, రెండో అంతస్తు చివరి గది. ఒక ముసలి ఇంగ్లీషు డాక్టరు రెండు కొమ్ముల స్టీలు ట్యూనింగ్ ఫోర్కును తన మోచేతికి కొట్టి, అది మోగుతుండగానే రోగి కాలి బొటనవేలికి ఆనించి, "వణుకు తెలుస్తోందా? ఇప్పుడు? ఇప్పుడు?" అని అడుగుతున్న మోత. ఆయన పేరు డాక్టర్ ఎల్‌స్టన్, నరాల వైద్యుడు. ఆయన దగ్గర నేను ఆరేళ్లు నర్సుగా పనిచేశాను. వచ్చినవాళ్లు తెలుగువాళ్లయితే వాళ్ల మాట ఆయనకూ, ఆయన మాట వాళ్లకూ చేరవేసే పని కూడా నాదే.

ఆయన ఇంగ్లండు ఉత్తరాన ఒక బొగ్గు గనుల ఊళ్లో పుట్టారు. తండ్రి గని పైకప్పు కూలి నడుము విరిగి, పదకొండేళ్లు మంచం మీదే ఉండి చనిపోయాడు. "మా ఇంటికొచ్చిన డాక్టర్లందరూ మా అమ్మతో మాట్లాడి వెళ్లేవాళ్లు. మంచం మీదున్న మనిషితో ఒక్కడూ మాట్లాడలేదు" అని ఒకసారి చెప్పారు. ఆ కోపంతోనే వైద్యం చదివానన్నారు. లండన్‌లో ఆయన చదువుకున్నప్పుడు స్కాన్లు లేవు. ఆ దేశంలో నరాల వైద్యాన్ని మొదలుపెట్టిన తొలితరం పెద్దల దగ్గర నేర్చుకున్నవాళ్లే ఆయనకు గురువులు. ఒక సూది, ఒక చిన్న సుత్తి, ఆ ఫోర్కు, రోగి చెప్పే కథ. వాటితోనే జబ్బు మెదడులో ఉందో వెన్నులో ఉందో తేల్చాలి. తేల్చింది నిజమో కాదో చాలాసార్లు మనిషి చనిపోయాకే తెలిసేదట. భార్య పోయాక ఇంగ్లండులో ఉండలేక దోహా వచ్చారు. అప్పటికి ఇక్కడ నరాల డాక్టర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేను చేరేనాటికి ఆయనకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. పొడుగ్గా, కొంచెం వంగి, ఎవరు మాట్లాడుతున్నా వాళ్ల ముఖంలోకే చూస్తూ ఉండేవారు.

చేరిన కొత్తలోనే నాకు ఆయన ముందు తలవంపులయ్యాయి. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన పెయింటరు ఒకతను తన బాధంతా చెప్పుకున్నాడు. నేను డాక్టరుకు "తలనొప్పట" అన్నాను. ఆయన కలం కింద పెట్టేశారు.

"అతను చాలాసేపు మాట్లాడాడు. నువ్వు ఒక్క మాట చెప్పావు. మిగతావి ఎక్కడున్నాయి?"

"మిగతావి అంత అవసరమైనవి కావు సర్."

"ఏది అవసరమో తెలుసుకోవడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది పద్మా. ఇంకా తప్పుతూనే ఉన్నాను. అతను ఏమన్నాడో అదే చెప్పు."

మనసు చివుక్కుమంది. మళ్లీ మొదటినుంచి చెప్పించాను. తలనొప్పికి ముందు ప్రతిసారీ టైరు కాలిన వాసన వస్తుందన్నాడు ఆ పెయింటరు. సైట్లో ఏవో కాలుతూనే ఉంటాయి కదా అని నేను వదిలేసిన మాట అది. డాక్టరుకు అదే కావలసింది. ఆ వాసన బయటిది కాదు, మూర్ఛకు ముందు మెదడు పుట్టించే వాసన. పరంజా ఎక్కే మనిషికి పైన ఉండగా మూర్ఛ వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆయన నాకు చెప్పలేదు. మందుల చీటీ రాసి, కింద నిలబడి చేసే పని ఇమ్మని కంపెనీకి ఉత్తరం రాశారు. ఆ రోజు నుంచి మాట పొల్లు పోకుండా చెబుతూ వచ్చాను. చెబుతున్నాననే అనుకున్నాను.

గంగారాం వచ్చింది ఎండలు మండే రోజుల్లో. జగిత్యాల దగ్గరి పల్లె, నలభై దాటిన మనిషి. మదీనత్ అల్ షమాల్‌లో ఒక సైట్లో సెంట్రింగ్ పని. ఆ రోజు కూలీల క్యాంపు బస్సులో ఇరవై మందిని ఒకేసారి తెచ్చారు. మా క్లినిక్ మేనేజరు నిమిషానికోసారి తలుపు తీసి, "యల్లా సిస్టర్, త్వరగా, బస్సు నిలబడి ఉంది, ఇంకా పద్నాలుగు మంది" అంటున్నాడు. గంగారాం గోడ పట్టుకుని లోపలికొచ్చి కూర్చున్నాడు.

"దూది మీద నడిసినట్టుంటంది సిస్టర్. చెప్పు జారిపోయినా తెలుస్తలేదు. మూడొద్దుల సంది ఒంటికి కష్టమైతంది."

మొదటి రెండు మాటలూ ఉన్నవున్నట్టు చెప్పాను. డాక్టరు ముందుకు వంగారు. మూడో మాట దగ్గర క్షణం తడబడ్డాను. నాది కాకినాడ. ఒంటికి కష్టం అంటే ఒంట్లో బాగోలేదనే కదా అనుకున్నాను. తలుపు మళ్లీ తెరుచుకుంది. "మూడు రోజులుగా నీరసంగా ఉందట" అన్నాను.

ఆయన సుత్తితో మోకాలి కింద కొట్టారు. కాలు ఎగరాల్సినదానికన్నా కొంచెం ఎక్కువ ఎగిరింది. ఫోర్కు బొటనవేలికి ఆనించారు. వణుకు తెలియడం లేదన్నాడు గంగారాం. వెన్నులో ఏదో ఉందని, బరువులు ఎత్తకూడదని రాసి, స్కానుకు పంపారు. స్కానుకు తొమ్మిది రోజుల తర్వాతి తేదీ దొరికింది. ఐదో రోజున గంగారాం క్యాంపులో మంచం దిగబోయి కింద పడ్డాడు. మళ్లీ లేవలేదు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. వెన్నెముక లోపల పెరిగిన గడ్డ వెన్నుపామును నొక్కేసింది. గడ్డ తీశారు. కాళ్లు మాత్రం తిరిగి రాలేదు.

ఆ శుక్రవారం డాక్టరు నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లారు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "మొదటినుంచీ చెప్పమను" అన్నారు. గంగారాం పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు.

"గా దినం జెప్పిన గద సిస్టర్, ఒంటికి కష్టమైతందని. క్యాంపుల బాత్రూం కాడ ఎంతసేపు నిలవడ్డా సుక్క సుక్కే అచ్చేది."

ఒంటికి అంటే వాళ్ల వైపు మూత్రానికి. చిన్నపిల్లలు కూడా అనే మాట. నరాల విభాగంలో అన్నేళ్లు పనిచేసినదాన్ని, కాళ్లు మొద్దుబారి మూత్రం ఆగిందంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదని నాకు తెలుసు. డాక్టరును వరండాలోకి రమ్మని, ఆ మాటకు అర్థమేమిటో, నేను ఏమని చెప్పానో చెప్పాను.

"సరిగ్గా చెప్పి ఉంటే?" అని అడిగాను.

"ఆ రోజే ఆపరేషన్‌కు పంపేవాణ్ణి."

"కాళ్లు నిలిచేవా?"

"బహుశా నిలిచేవి." అబద్ధమాడి నన్ను ఊరడించడం ఆయనకు చేతకాలేదు. గోడకు ఆనుకున్నారు. "కాళ్ల బలం తగ్గిందని వచ్చిన ప్రతి మనిషినీ మూత్రం సంగతి అడగమని నలభై ఏళ్లు పాఠం చెప్పాను. ఆ రోజు నేను అడగలేదు. బస్సు నిలబడి ఉందని తొందరపడ్డాను. పద, అతనికి చెప్పాలి. నేను చెబుతాను, నువ్వు తెలుగులో చెప్పు."

మళ్లీ లోపలికి వెళ్లాం. ఆయన గంగారాం ముఖంలోకి చూస్తూ, తాను అడగవలసిన ప్రశ్న ఒకటి అడగలేదనీ, అడిగి ఉంటే బహుశా ఈ కాళ్లు నిలిచేవనీ, తప్పు తనదేననీ అన్నారు. నేను ఒక్కొక్క మాటే తెలుగులో పెట్టాను. అంతా అయ్యాక ఆగలేకపోయాను.

"మీరు చెప్పారు గంగారాం గారూ. ఆ మాట నాకు అర్థం కాలేదు. తెలియదని అనకుండా, నాకు తోచింది చెప్పేశాను."

డాక్టరు నా వైపు తిరిగారు. "నేను అన్నదానికన్నా నువ్వు ఎక్కువ చెప్పావు" అన్నారు మెల్లగా. నేను తల వంచుకున్నాను. ఏం చెప్పానో ఆయన అడగలేదు.

గంగారాం చేతులు దుప్పటి మీద కదులుతున్నాయి, తనవి కాని కాళ్లను తడుముతున్నట్టు. చివరికి అన్నాడు: "నేనన్నా ఇంకోసారి జెప్పకపోతి. సిస్టర్‌కు తెల్సిందనుకున్న."

తిట్టినా బాగుండేది. ఆ మాటను నేను డాక్టరుకు చెప్పాను, పొల్లు పోకుండా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, గంగారాం చేతిని రెండు చేతులా పట్టుకున్నారు.

తర్వాతి వారం మేనేజరు ఆయన గదికి వచ్చాడు. గంగారాంది ఊరి నుంచి తెచ్చుకున్న జబ్బనీ, దాచిపెట్టి పనిచేశాడనీ రిపోర్టు కావాలని కంపెనీ అడుగుతోందట.

"మీకెందుకు డాక్టర్ ఈ తలనొప్పి? పేషెంట్ చెప్పలేదని ఒక్క వాక్యం రాయండి, చాలు."

"అతను చెప్పాడు" అన్నారు డాక్టర్ ఎల్‌స్టన్.

ఆయన రాసిన రిపోర్టును నేనే టైపు చేశాను. మూత్రం గురించి డాక్టరు అడగలేదు, అందువల్ల ఆలస్యమైంది అని ఉంది. నా పేరు ఎక్కడా లేదు. చేర్చమన్నాను. "గదిలో డాక్టరు ఒక్కడే ఉంటాడు, అది నేను" అన్నారు. కాంట్రాక్టు గడువు రాగానే వయసు మీరిందని చెప్పి ఆయన్ని పంపించేశారు. వీడ్కోలు టీ కూడా ఇవ్వలేదు. పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దడానికి నేనొక్కదాన్నే మిగిలాను. నన్ను క్షమించారా అని అడగాలనిపించింది, అడగలేకపోయాను. "ఈ పని మానేయాలనుకుంటున్నావు కదూ" అన్నారాయన, టేపు అంటిస్తూ. అవునన్నాను. "మానకు. ఈ తప్పు తెలిసినవాళ్లు ఇక్కడ ఒకరైనా ఉండాలి."

రెండేళ్ల తర్వాత ఆయన కూతురి నుంచి నాలుగు ముక్కల ఉత్తరం వచ్చింది. నిద్రలోనే పోయారట. గంగారాం ఊళ్లో ఉన్నాడు. దుబాయ్ పోయి కాళ్లు పోగొట్టుకున్నడని ఊళ్లోవాళ్లు అనుకుంటారట. అది ఖతర్ అని వాళ్లకు చెప్పి చెప్పి వదిలేశానన్నాడు. అప్పుడప్పుడు ఫోను చేస్తాను. మంచంలోనే ఉండి వెన్ను మీద పడ్డ పుండ్లు మానుతున్నాయో లేదో అడుగుతాను. ఆయన నా పిల్లల చదువుల గురించి అడుగుతాడు. ఒక్కోసారి ఆయన భార్య ఎత్తుతుంది. నేనెవరో తెలిశాక మాట్లాడకుండా ఫోను ఆయనకు ఇచ్చేస్తుంది. ఆమెకు ఆ హక్కుంది.

పని మానలేదు. ఇప్పుడు వేరే ఆసుపత్రిలో ఉన్నాను. మొన్న బుధవారం మంచిర్యాల వైపు మనిషి ఒకతను తన కడుపు బాధ గురించి చెబుతూ ఒక మాట అన్నాడు. నేనెప్పుడూ వినని మాట. ఎదురుగా ఉన్న కుర్ర డాక్టరు గడియారం చూసుకుంటున్నాడు. "నాకు ఈ మాట తెలియదు, కాస్త ఆగండి" అని డాక్టరుకు చెప్పి, "ఇంకోలా చెప్పండి అన్నా, నాకు అర్థం కాలేదు" అన్నాను. అతను కడుపు మీద చెయ్యి పెట్టి చూపించి, ఓపిగ్గా మళ్లీ చెప్పాడు. మొత్తం కలిపి అరనిమిషం కూడా పట్టలేదు.