అవ్వ చేతి చుక్కలు

మా చెల్లెలు టాటూ వేయించుకుంటానంటే దిల్‌సుఖ్‌నగర్ షాపుకి నేనూ వెంట వెళ్లాను. ఆల్బమ్‌లో ఉత్త నల్లగీతలవి, నీటిరంగులు పూసినట్టున్నవి, అచ్చం ఫొటోల్లాంటివి ఎన్నో రకాలున్నాయి. చివరి పేజీలో పాతకాలపు పచ్చబొట్టు చుక్కలు చూడగానే చిన్నప్పటి స్నేహితురాలు లత మీద కోపం మళ్లీ వచ్చింది.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, గుంటూరు నుంచి వచ్చిన మేము ఎల్బీనగర్‌లో లత వాళ్లింట్లో అద్దెకుండేవాళ్లం. "మీరు ఆంధ్రోళ్లు. నువ్వు మాతోని బతుకమ్మ ఆడొద్దు" అంది లత ఒకరోజు. వాళ్ల అవ్వ చేతినిండా పచ్చబొట్టు చుక్కలుండేవి. మా అమ్మ చేతికి ఒక్కటీ లేదు. తేడా అదేననుకుని, పచ్చ స్కెచ్ పెన్నుతో మోచేతిదాకా చుక్కలు పెట్టుకుని వెళ్లాను. లత పడీపడీ నవ్వింది.

అవ్వ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని చూసింది.

"మంచిగనే ఏసుకున్నవ్ బిడ్డా. నాకు గివి పొడిసినామె గూడ గుంటూరు దిక్కుకెళ్లే ఒచ్చింది. ఏమే లతా, మరి నన్ను గూడ ఆడొద్దంటవా?"

ఆ సాయంత్రం అవ్వ పక్కనే బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టాను. ఆ గుంటూరు మనిషి నిజంగా ఉందో, అవ్వ నాకోసం అప్పటికప్పుడు కల్పించిందో నాకు తెలియదు. లత ఇప్పటిదాకా సారీ చెప్పలేదని మాత్రం తెలుసు.