కో-బ్రదర్

తాడేపల్లిగూడెంలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఇంగ్లీషు పాఠాలు చెబుతున్నాను. పిల్లలు వ్యాసాల్లో 'కో-బ్రదర్' అని రాసినప్పుడల్లా కొట్టేసి, పైన 'బ్రదర్-ఇన్-లా' అని దిద్దేవాణ్ణి. తోడల్లుడికి ఇంగ్లీషులో వేరే మాట లేదని, లేని మాటను మనం పుట్టించకూడదని చెప్పేవాణ్ణి.

నా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్క భర్త, కైకలూరు దగ్గర చేపల చెరువులు చేస్తారు. నాకంటే పదేళ్లు పెద్ద. ఎవరు కలిసినా "మా కో-బ్రదరండీ, ఇంగ్లీషు మాస్టారు" అని నన్ను పరిచయం చేసేవారు. "ఆ మాట తప్పండి, అన్నగారూ" అని నలుగురి ముందే సరిదిద్దేవాణ్ణి. ఆయన నవ్వి, తర్వాతి మనిషికి మళ్లీ అలాగే చెప్పేవారు.

మొన్న వర్షాలకు చెరువు గట్టు మీద జారిపడి ఆయన తొడ ఎముక విరిగింది. ఏలూరు ఆసుపత్రికి తీసుకొచ్చారని ఫోను రాగానే బస్సెక్కాను. నల్లజర్లలో పెళ్లికి వెళ్లిన వదినగారు ఇంకా దారిలోనే ఉన్నారు. మా బావమరిది మాత్రం ఉండి గ్రామం నుంచి నాకంటే ముందే చేరుకున్నాడు. ఆపరేషనుకు ఇద్దరు బంధువులు సంతకాలు పెట్టాలన్నారు. 'రోగికి ఏమవుతారు' అన్న గడిలో అతను 'బ్రదర్ ఇన్ లా' అని రాశాడు. నేనూ అదే రాశాను, హైఫన్లతో సహా.

నర్సు కాగితం చూసింది. "మీరిద్దరూ అన్నదమ్ములాండీ?"

"కాదమ్మా. అతను పేషెంటు భార్యకి తమ్ముడు. నేను ఆవిడ చెల్లెలి భర్తని."

"మరి ఇద్దరూ ఒకటే రాశారేంటండీ? డాక్టరుగారు అడిగితే నేనేం చెప్పనండీ?"

ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకటే మాటని వివరించబోయాను. పక్కనే స్ట్రెచర్ మీద అన్నగారు పళ్లు బిగపట్టి మూలుగుతున్నారు. బావమరిది నా మోచెయ్యి పట్టుకుని, "బావగారూ, పాఠం తర్వాత చెబుదురుగాని" అన్నాడు మెల్లగా.

నర్సు నా జవాబు కోసం ఆగలేదు. నేను రాసింది అడ్డంగా కొట్టేసి, 'కో-బ్రదర్' అని రాసి, దిద్దుబాటు పక్కన సంతకం చెయ్యమంది. చేశాను. ఆ పూట గురించి నాకు వ్యాకరణం కంటే సిగ్గే ఎక్కువ గుర్తుంది.

ఆపరేషను బాగానే జరిగింది. మర్నాడు వదినగారు తమ్ముడి దగ్గర విని ఈ సంగతంతా అన్నగారికి చెప్పేశారు. ఆయన నవ్వలేదు. నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"తమ్ముడుగారూ, ఇంగ్లీషువాళ్లకి తోడల్లుళ్లు ఉండరాండీ?"

"ఉంటారండి. పేరే లేదు."

"పాపం, పేరు లేకపోతే ఎలా పిలుచుకుంటారండీ?"

కొబ్బరినీళ్లు గ్లాసులో పోసి, ఆయన తల కొంచెం ఎత్తి పట్టుకుని తాగించాను.