పెద్దమ్మ ఇంగ్లీషుకు వేయని సవరణ

ఈ ఉదయం పేపరు మడత విప్పగానే ఒక రంగు కరపత్రం జారి ఒళ్లో పడింది. గుడివాడలో చాలా ఏళ్లుగా నడుస్తున్న ఇంగ్లీషు శిక్షణ కేంద్రం ఒకటి, లండన్, సిడ్నీ వెళ్లే పిల్లలకు ఇకపై ‘అసలు సిసలైన బ్రిటిష్ ఇంగ్లీషు’ నేర్పుతుందట. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అదే బ్రిటిష్ ఇంగ్లీషు మాట్లాడిందని మా పెద్దమ్మను స్కూల్లోంచి వెళ్లగొట్టించింది ఈ పెద్దమనుషులే.

మా పెద్దమ్మ బందరు మిషన్ హాస్టల్లో పెరిగింది. అక్కడి ఇంగ్లండు దొరసాని దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషునే గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో పాతికేళ్లు పిల్లలకు చెప్పింది. నేనప్పుడు ఆ ఊళ్లోనే ఒక దినపత్రిక విలేకరిని. ఆ రోజుల్లో పత్రికల్లో చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు, వార్త రాసే చేత్తోనే ప్రకటనలూ తేవాలి, ప్రకటన ఇచ్చినవాళ్ల సభలో మొదటి వరసలో కూర్చోవాలి, వాళ్లు రాసిచ్చిన కాగితాన్నే కాస్త దిద్ది వార్తగా పంపాలి.

అలా, అప్పట్లో అమెరికా ఇంగ్లీషే నేర్పే ఆ కేంద్రంవాళ్లు పెద్దమ్మ స్కూలు మేడ మీద పెట్టిన తల్లిదండ్రుల సభకు వెళ్లాను. అవనిగడ్డ వైపు నుంచి కూడా రైతులు వచ్చారు, అందరికీ పిల్లల్ని అమెరికా పంపాలనే ఆశ. కేంద్రం యజమాని పెద్దమ్మను వేదిక మీదికి పిలిచి, టార్చి అంటే తప్పు, ఫ్లాష్‌లైట్ అనాలి, పేవ్‌మెంట్ అంటే మనుషులు నడిచేది కాదు, బళ్లు తిరిగే రోడ్డు అంటూ ఒక్కొక్క మాటా బోర్డు మీద రాసి ఎర్ర సుద్దతో కొట్టేశాడు. చివరికి, మనం ఇప్పుడున్నది ఏ ఫ్లోరు మేడమ్ అని అడిగాడు. ఫస్ట్ ఫ్లోరు అంది.

“తప్పండీ! కింద ఫస్టు, ఇది సెకండు.”

“అమెరికాలో అంతే బాబూ, లండన్లో ఇది ఫస్టే. ఎక్కడైనా మీరెక్కిన మెట్లు అన్నేగా?”

“లండన్ సంగతి ఎవడిక్కావాలండీ, రేపు మావాడు అమెరికా లిఫ్టులో ఏ మీట నొక్కాలో చెప్పండి!” అని వెనకనుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది.

పెద్దమ్మ నా వైపు చూసింది. రెండు దేశాల వాడుకా ఇచ్చే నిఘంటువు నా బల్ల మీదే ఉండేది, ఆమె చెప్పింది తప్పు కాదని నాకు తెలుసు. నేను తల వంచుకుని నోటుబుక్కులో రాసుకుంటున్నట్టు నటించాను. ఆ సాయంత్రం వాళ్ల కాగితం దిద్ది, ‘కాలం చెల్లిన ఇంగ్లీషుకు ఇక సెలవు’ అని శీర్షిక నేనే పెట్టాను. ఆ వార్త పక్కనే వాళ్ల ప్రకటన వచ్చింది.

స్కూలువాళ్లు ఆ వార్త కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించారు. పేపర్లోనే వచ్చింది కదండీ అంటూ, సంవత్సరం మధ్యలో పెద్దమ్మను మానేయమన్నారు. బందరు రైలు ఎక్కించడానికి వెళ్తే, కిటికీలోంచి ఒకే ఒక్క మాట అంది.

“నా పేరు వెయ్యలేదు, నీ పేరూ వేసుకోలేదు. జాగ్రత్తగానే రాశావురా.”

ఆమె మళ్లీ ఏ బళ్లోనూ చెప్పలేదు. పోయి చాలా ఏళ్లయింది.

ఇప్పుడు ఏ మాట ఏ దేశంలో ఎలా వాడతారో ఫోను క్షణంలో చెప్పేస్తోంది, మా మనవరాలు పరీక్షకు ఏది కావాలో చూసుకుని ఆ ఇంగ్లీషు ఎంచుకుంటోంది, ఎవరూ ఎవరినీ వేదిక ఎక్కించి కొట్టేయక్కర్లేదు. ఆ కేంద్రంవాళ్లు కూడా సిగ్గూ ఎగ్గూ లేకుండా బోర్డు మార్చేశారు. మా పత్రికలో సవరణలకని ఒక మూల ఉండేది, పెళ్లికొడుకు ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడినా మర్నాడు చింతిస్తున్నామని వేసేవాళ్లం. ఆ మూలకు రోజూ రాసి పంపిన నేను, పెద్దమ్మ ఇంగ్లీషు తప్పు కాదని నాలుగు వాక్యాలు మాత్రం రాయలేదు. ఇప్పుడు రాసినా, ముందుగా చదివి దిద్దాల్సిన మనిషి లేదు.